చివరి లైను తూనీగ

ఈత కొలనులో ఆ పిల్ల కోచ్‌తో పోట్లాడిన రోజు, తాళాల గుత్తి పక్కన పెట్టి మరీ విన్నాను. బట్టలు మార్చుకునే గదికే నేను కాపలా. నా చెవులకు కాపలా ఎవరూ పెట్టలేదు.

పోటీలకెళ్ళేవాళ్ళకు జాగా కావాలని, నెమ్మదిగా ఈదే చివరి లైను పిల్లల్ని కోచ్ అరగంటకే గట్టెక్కించేవాడు. తువ్వాళ్ళు కప్పుకుని వణుకుతూ కూర్చునేవాళ్ళు పాపం. ఆ రోజు ఈ పద్నాలుగేళ్ళది మాత్రం నీళ్ళలోంచి కదల్లేదు.

"బయటికి రా!"

"రాను సార్. వాళ్ళు ఈదడానికి మేమెందుకు వణకాలి?"

"ముందు ఈదడం నేర్చుకుని తర్వాత మాట్లాడు."

"నేర్చుకోవడానికే కదా నీళ్ళు కావాలంటున్నా! గట్టు మీద ఈదమంటారా?"

అందరూ గొల్లుమన్నారు. కోచ్ నోట్లో ఈల తీసి జేబులో వేసుకుని పోటీలవాళ్ళ వైపు నడిచాడు. మర్నాటి నుంచి చివరి లైనుకూ పూర్తి గంట దక్కింది.

ఒక్క చోట నిలవదని దాన్ని నేను తూనీగ అనేదాన్ని. ఆ లైనులో దానికి ముగ్గురు స్నేహితురాళ్ళు. నవ్వీ నవ్వీ సగం కొలను తాగేసేవాళ్ళు. అలా నవ్వుతూనే అది వేగం పుంజుకుంది. కోచ్ కనిపెట్టి పోటీలవాళ్ళుండే మొదటి లైనుకు మార్చేశాడు. వాళ్ళమ్మ పరుగున వచ్చి "మా పిల్ల పైకొచ్చింది బామ్మగారూ!" అని నా చేతులు పట్టుకుని ఊపేసింది.

ఏం పైకి రావడమో! మొదటి లైనులో మాటలుండవు. గోడ తాకడం, గడియారం చూడడం, మళ్ళీ పోవడం. నెల తిరక్కుండానే పిల్లకి కడుపునొప్పులు మొదలయ్యాయి. సంచీ జిప్పు తీస్తుంది, వేస్తుంది, లేస్తుంది, కూర్చుంటుంది. వాళ్ళమ్మ భయమంది, కోచ్ బద్ధకమన్నాడు. పిల్లనడిగిన వాళ్ళు లేరు.

నిన్న నా ముందు అటూ ఇటూ ఒకటే తిరుగుడు.

"కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను.

"మానేస్తా బామ్మా."

"నీళ్ళంటే మొహం మొత్తిందా?"

"నీళ్ళు కాదు. అక్కడ నేను నవ్వితే ఏదో తప్పు చేసినట్టు చూస్తారు."

"ఆ ముక్క మీ సార్‌తోనే అను. ఆ రోజు అంత నోరేసుకు పడ్డావుగా!"

"అది అందరి కోసం. నా కోసమంటే గొంతు పెగలదు. అమ్మ మొహం చూస్తే సరే అనేస్తాను."

తిడదామనుకున్నాను. బల్ల మీద జరిగి పక్కన చోటిచ్చాను.

లోపల ఈల మోగింది. టోపీ, నీటి కళ్ళద్దాలు నా ఒళ్ళో పడేసింది.

"ఇవి నీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యి బామ్మా. ఇప్పుడే వెళ్ళి సార్‌ని మళ్ళీ చివరి లైను అడుగుతా. ఇస్తానంటేనే తియ్యి. లేదంటే అమ్మొచ్చి అడిగినా, నేనే ఏడ్చి అడిగినా ఇవ్వకు."