గ్రంథాలయం కంప్యూటర్‌కు కట్టిన ప్రభ

మా ఊరు నరసరావుపేట నుంచి కోటప్పకొండకు వెళ్లే దారిలో ఉంది. శివరాత్రికి ఊరూరా బల్బులతో కట్టి, ఎడ్లతో కొండకు లాగించే ఎత్తయిన కట్టడమే ప్రభ. పక్క ఊరి ప్రభ కంటే మాది జానెడు ఎత్తుగా నిలబడి, నాలుగు బల్బులు ఎక్కువ వెలిగితే చాలు, మావాళ్ల జన్మ తరించినట్టే. గ్రంథాలయంలోని కంప్యూటర్‌ను కూడా ఆ కళ్లతోనే చూశారు.

ఎవరో దాత ఇచ్చిన పాత యంత్రం. కొత్త విండోస్‌ను మోసే ఓపిక దానికి లేదు కాబట్టి దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేశాను. నాకు కాలేజీ చదువు లేదు. ఆ గ్రంథాలయంలోనే, పక్కన నిఘంటువు పెట్టుకుని, లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. లినక్స్‌లో తెర రూపాన్ని, అంటే డెస్క్‌టాప్‌ను, మనమే ఎంచుకోవచ్చు. ముసలి యంత్రానికి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ చాలని చెప్పాను.

గ్రంథాలయ కమిటీ పెద్ద, మాజీ సర్పంచ్, ఒప్పుకోలేదు. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడట. తెర మీద తెరుచుకునే కిటికీలు జెండాల్లా ఊగాలి, అద్దంలా మెరవాలి, వెనక తన ఫొటో ఉండాలి. ర్యామ్ చాలదు బాబాయ్ అన్నాను.

"ప్రభ కట్టేటప్పుడు ఎడ్లను అడిగి కడతామా ఏంది?" అన్నాడు.

కమిటీ అంతా నవ్వింది. ర్యామ్ అంటే ఏమిటో ఆ నవ్విన వాళ్లలో ఒక్కరికీ తెలియదు. గది తాళం ఆయన దగ్గరే ఉంది కనుక అడిగినట్టే చేసిపెట్టాను.

ప్రారంభం రోజు దండలు, కొబ్బరికాయ అన్నీ అయ్యాక ఆయన మౌస్ కదిపాడు. కిటికీ సగం ఊగి అక్కడే బిగుసుకుపోయింది. దాని వెనక ఆయన ఫొటోలో మీసం మాత్రమే కనబడుతోంది. ఎంత నొక్కినా కదల్లేదు. ఇది ఇక్కడ దండగ, మా పార్టీ ఆఫీసులో పెట్టి బాగు చేయించుకుంటాం, సాయంత్రం ట్రాక్టర్ పంపుతానని చెప్పి వెళ్లాడు. దాని మీద కన్నేసి ఎన్నాళ్లయిందో.

టీచరు పరీక్షకు పాత ప్రశ్నపత్రాలన్నీ ఆ కంప్యూటర్‌లోనే చదువుకునే చర్చి వీధి అక్క గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

ట్రాక్టర్ వచ్చేలోగా ఆ హంగులన్నీ పీకేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను. పీడీఎఫ్ చదవడానికి ఒక ప్రోగ్రాం, రాసుకోవడానికి ఒకటి. ఆ రెండు చాలు. తెర బూడిదరంగులో, బోసిగా ఉంది.

ట్రాక్టర్‌తోపాటు ఆయనా వచ్చి చూశాడు.

"ఇదేందయ్యా, గుండు కొట్టించినట్టుంది? నా ఫొటో ఏది?"

"ఈ యంత్రానికి ఇంతే బాబాయ్. బల్బులు పెడితే మళ్లీ బిగుసుకుంటది."

"చీ, దీన్ని ఆఫీసులో పెడితే పరువు పోద్ది. ఇక్కడే ఏడవనీ."

ట్రాక్టర్ ఖాళీగా తిరిగిపోయింది. బూడిదరంగు తెర మీద కూడా ఫొటో పెట్టుకోవచ్చు, పెద్ద పనేం కాదు. ఎలాగో ఇక్కడి అలమరలో ఉన్న పుస్తకంలోనే ఉంది. ఆయన గ్రంథాలయానికి వస్తే ఫ్యాన్ కింద కుర్చీ వైపే తప్ప అలమర వైపు చూసిన పాపాన పోలేదు.

అక్క చెప్పులు విడిచి లోపలికి వచ్చి ప్రశ్నపత్రం తెరిచింది. వెంటనే తెరుచుకుంది.