ఇరవై ఆరు పుట్టినరోజులు

నాకు అభిప్రాయాలు ఎక్కువ. ముఖ్యంగా కంప్యూటర్ల గురించి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పాడేరులో నా ట్రైనింగ్ సెంటర్ మెట్లెక్కిన ప్రతివాడికీ అవి వినక తప్పేది కాదు. దొంగ సీడీలో సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని, దాని మీద దొంగ ఆటలు ఎక్కించుకుని, వైరస్ రాగానే నా దగ్గరకి పరిగెత్తుకొచ్చేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. లినక్స్ ఉంది కదా, ఊరికే ఇస్తున్నారు, విప్పి చూసుకోవచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు, పదిమందికి పంచిపెట్టొచ్చు, ఇంకేం కావాలి అని దులిపేసేవాణ్ణి. వాళ్ళకి కావలసింది పేకముక్కల ఆట. అది లినక్స్‌లోనూ ఉందని చూపిస్తే, ముక్కల మీద బొమ్మలు వేరేగా ఉన్నాయని మొహం చిట్లించేవారు.

ఆ ఆట మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఫైలు కదలనివ్వకుండా కుర్చీలో పొద్దుపుచ్చడానికి కనిపెట్టిన ఆట అది.

లినక్స్ నాకు విశాఖపట్నంలో దొరికే ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చేది, సీడీ రూపంలో. ఇంటర్నెట్‌లో దించుకుందామంటే, మా ఫోన్ లైను మీద ఒక్క పాట దిగేలోపే ఘాట్‌లో వాన పడి లైను పోయేది. ప్రతి కొత్త సీడీనీ ఎక్కడో ఒకచోట ఎక్కించి చూసేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, అదొక రకం తాగుడే.

వారానికి రెండు రోజులు జీపెక్కి హుకుంపేట దారిలో ఉన్న ఒక మిషన్ బడికి వెళ్ళి పాఠాలు చెప్పేవాణ్ణి. ఆడపిల్లల హాస్టలు, దానికి ఆనుకునే బడి. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. నేనూ మిషన్ చర్చిలో పెరిగినవాణ్ణే కాబట్టి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కి నా మాట మీద గురి. పిల్లలకి మంచు కొండ మీద పెంగ్విన్ జారే ఆట నేర్పాను. మంచు మొహం ఎరగని ఆ పిల్లలు రెండో రోజుకే నన్ను ఓడించారు. వాలులో ఎక్కడ ఒళ్ళు వదిలెయ్యాలో, ఎక్కడ బిగబట్టాలో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ బడి అడ్మిషన్ రిజిస్టరుకి చెదలు పట్టింది. పిల్లలు కొండ మీది బడుల నుంచి తెచ్చిన టీసీలు కూడా అందులోనే అంటించి ఉండేవి. అట్టంతా పోయి పేజీలు మిగిలిన సమయంలో నేను పూనుకుని, నాలుగు వారాలు కూర్చుని, చదవగలిగినదంతా కంప్యూటర్లోకి ఎక్కించాను.

"మరి దీన్నేం చెయ్యమంటారు మాస్టారూ?" అని సిస్టర్ ఆ చిరుగుల కట్ట పట్టుకుని అడిగారు.

"ఇంకా దాచుకోవడం చెదలకి అన్నం పెట్టడమే సిస్టర్. నిశ్చింతగా పారెయ్యండి."

ఆవిడ నమ్మారు. హాస్టల్లో వంట చేసే ఆయమ్మ దాన్ని పొయ్యిలో పెట్టేసింది. నేను రెండు ఫ్లాపీల్లో కాపీ కూడా తీసిపెట్టాను. ఆ వానాకాలం తేమకి రెండిటికీ బూజు పట్టింది. మళ్ళీ తియ్యాలి అనుకుంటూనే ఉన్నాను.

పదో తరగతి పరీక్షకి కూర్చునే పిల్లల జాబితాని నామినల్ రోల్స్ అంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ, గుర్తుపట్టడానికి ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు. ఆ ఏడు ఇరవై ఆరుగురు. పాడేరు విద్యాశాఖ ఆఫీసులో జాబితా ఇవ్వడానికి అదే ఆఖరి రోజు, సాయంత్రం అయిదింటి దాకా. ఇవ్వకపోతే ఇరవై ఆరుగురికీ ఏడాది పోయినట్టే. ఆ కొండల్లో ఏడాది పోవడమంటే బడి పోవడమే, ఇంటికెళ్ళిన పిల్ల మళ్ళీ రాదు.

పొద్దున్నే నేను వెళ్ళేసరికి సిస్టర్ కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నారు. పిల్లల వివరాల ఫైలు తెరిస్తే చాలు, కంప్యూటరు బిగుసుకుపోతోంది. వైరస్. ఎవరో బయటివాళ్ళు పాటల సీడీ పెట్టారట. "ఎలాగో ఒకలాగ ప్రింటు తీసి ఇవ్వండి మాస్టారూ, రెండింటికి జీపు," అన్నారావిడ.

నేను చెయ్యాల్సింది అదొక్కటే. ఆ ఫైలుని పాడేరు పట్టుకెళ్ళినా, డిస్కు విప్పి నా సెంటర్లో పెట్టినా పనైపోయేది. కాని సంచిలో కొత్త సీడీ ఉంది. ఇప్పుడే లినక్స్ ఎక్కిస్తే వైరస్ పీడ శాశ్వతంగా వదులుతుంది, ఫైలూ తెరుచుకుంటుంది, నా మాట ఎంత నిజమో అందరికీ తెలుస్తుంది. ఈ మూడోదే అసలు కారణమని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆ డిస్కుని నేనే మూడు భాగాలు చేసి ఉంచాను. ఒకదాంట్లో సిస్టమ్, ఒకదాంట్లో పిల్లల వివరాలు, ఒకదాంట్లో ఆటలూ పాటలూ. మామూలుగా వాటిని సి, డి, ఇ అంటాం. లినక్స్ వాటిని అంకెలతో పిలుస్తుంది: ఒకటి, అయిదు, ఆరు. ఆటలున్న ఆరుని తుడిచి అక్కడ లినక్స్ పెట్టాలి, వివరాలున్న అయిదుని ముట్టుకోకూడదు. ఇది నాకు తెలుసు. పదిమందికి బోర్డు మీద రాసి చెప్పాను కూడా.

సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పది నిమిషాలకి మించి ఆగదు. సిస్టర్ వెనకాల నిలబడి గడియారం చూసుకుంటున్నారు. ఆ కీచు కీచులో నా వేళ్ళు నాకంటే ముందు పరిగెత్తాయి. తుడిచెయ్యమంటావా అని అడిగింది, అవునన్నాను. నిజంగానేనా అని మళ్ళీ అడిగింది. ఊ అన్నాను.

జనరేటర్ వేశారు. పావుగంటకి తెర మీద లినక్స్ గుర్తు పెంగ్విన్ వచ్చి కూర్చుంది. నేను గర్వంగా ఫైళ్ళు తెరవబోయాను. ఆటలు ఉన్నాయి. పాటలు ఉన్నాయి. ఆరు చెక్కు చెదరలేదు. నేను అయిదు తుడిచాను.

తెలిసిన విద్యలన్నీ ప్రయత్నించాను. దాని మీద కొత్త సిస్టమంతా రాసేశాక ఇంకేం మిగులుతుంది? అంతలో ఆయమ్మ టీ పట్టుకొచ్చి తెర వంక చూసింది.

"ఏటి బాబూ, ఆ బాతేటి, నవ్వుతున్నాది?"

సిస్టర్‌కి అర్థమైపోయింది. ఆవిడ కేకలేస్తారనుకున్నాను. సొరుగులోంచి తెల్లకాగితాలు తీశారు, అంతే. "ఫోన్ కూడా పని చెయ్యట్లేదు మాస్టారూ. గడువు అడగడానికి కూడా లేదు. పిల్లల్ని పిలుస్తాను, చేత్తో రాద్దాం," అన్నారు.

పదకొండున్నరకి వరండాలో ఇరవై ఆరుగుర్నీ వరసగా నిలబెట్టాం. పేర్లు, ఊళ్ళు చకచకా అయిపోయాయి. పుట్టుమచ్చలు సిస్టరూ ఆయమ్మా చూసి చెబుతుంటే నేను కార్బన్ పెట్టి రాశాను. పుట్టినతేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది.

"నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?"

"తెలీదు సార్."

ఒక్కరికీ తెలియదు. కాఫీ పళ్ళు కోసినప్పుడంటుంది ఒకమ్మాయి. గాలివాన వచ్చిన ఏడంటుంది ఇంకొకమ్మాయి. కంప్యూటర్‌లోకి ఎక్కించిన తేదీలేవీ నాకు గుర్తులేవు. గుర్తున్నది ఒకటే, చాలామందికి జూన్ నెలే ఉండేది. బడిలో చేర్చిన నెలనే ఏ మాస్టారో పుట్టిన నెలగా వేసేశాడని అప్పట్లో సిస్టర్ ముందు ఎంత హేళన చేశానో కూడా గుర్తుంది.

"అబద్ధం రాద్దామంటారా మాస్టారూ?" అన్నారు సిస్టర్ మెల్లగా.

"పాతవీ ఎవరో వేసినవే కదా సిస్టర్," అన్నాను. అప్పటిదాకా నేను తిట్టే మాస్టారు నేనే అయిపోయాను.

రాయడం మొదలుపెట్టాను. కాఫీ పళ్ళంటే డిసెంబరు. వరి ఊడ్పులంటే జులై. ఒడ్డూ పొడుగూ చూసి ఏడు వేసేవాణ్ణి, పరీక్ష ఏటికి అందరికీ కావలసిన పద్నాలుగూ నిండేటట్టు చూసుకుంటూ. చెమటకి కార్బన్ కాగితం వేళ్ళకి అంటుకుంటోంది. జీపువాడు అప్పటికే రోడ్డు మీద హారన్ కొడుతున్నాడు.

ఆఖర్లో ఒక పిల్ల నిలబడింది. అందరికంటే పొట్టి. పెంగ్విన్ ఆటలో నన్ను మొదట ఓడించింది ఆ పిల్లే.

"ఇటుకల పండగ రోజుల్లో పుట్టినాను సార్. మా తాత సచ్చిపోయిన యేడు," అంది, అడగకుండానే. ఇటుకల పండగంటే మన్యంలో చైత్రమాసపు వేట పండగ.

"తాత పోయింది ఏ ఏడో నీకేం తెలుసు?"

"ఆ యేడే మా ఊరికి బోరింగు ఏసినారు సార్. సిమెంటు గట్టు మీద యేడు రాసున్నాది. నేను సదివినాను," అని ఆ ఏడు చెప్పింది.

ఇరవై ఆరుగురిలో లెక్క తెలిసినది ఆ పిల్ల ఒక్కతే. ఆ లెక్కన వచ్చే పండక్కి పదిహేను నిండుతాయి. నేను దాన్ని ఎగాదిగా చూశాను. మా వైపు బడిలో వయసు ఒక ఏడు తగ్గించి వెయ్యడం పిల్లలకి పెద్దలు చేసే మేలు. ఉద్యోగం వస్తే ఒక ఏడు ఎక్కువ చెయ్యొచ్చని. మా నాన్న నాకూ అలాగే వేయించాడు. పైగా ఇటుకల పండగ రోజుల్లోనే నా పుట్టినరోజు కూడా.

"ఇంత పొట్టిదానివి, పదిహేనేళ్ళంటే ఎవరు నమ్ముతారు? నా పుట్టినరోజే నీకు ఇచ్చేస్తున్నా, తీసుకో. ఒక ఏడు కూడా తగ్గించాను. ముందు ముందు పనికొస్తుంది," అన్నాను నవ్వుతూ. పొద్దుట్నుంచీ నేను నవ్వింది అప్పుడే. ఆ పిల్ల ఏదో అనబోయింది.

"బేగి రండి సారూ, జీపెల్లిపోతాది!" అని ఆయమ్మ కేకేసింది. నేను కాగితాలు పట్టుకుని పరిగెత్తాను.

అయిదుకి పావుగంట ఉండగా జాబితా ఇచ్చాను. ఇరవై ఆరుగురూ పరీక్ష రాశారు. సిస్టర్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను మాత్రం కొన్నాళ్ళు పోయాక దాన్ని కథలా చెప్పుకునేవాణ్ణి, కరెంటు పోవడం, కీచు కీచుమనడం, బాతు, అన్నీ. వినేవాళ్ళు నవ్వేవారు. ఆ పిల్లకి పుట్టినరోజు ఇవ్వడం దగ్గర నా ఉదారత గురించి నేను కాస్త ఆగి చెప్పేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నా సెంటర్‌కి వచ్చింది. ఇంటర్ పాసయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో టెన్త్ సర్టిఫికెట్. మిషన్ వాళ్ళ నర్సు ట్రైనింగ్‌లో ఒక ఉచిత సీటు ఉందని సిస్టర్ పంపించారట. మార్కులు చూసి సీటు ఇస్తామన్నారు. సర్టిఫికెట్ చూసి వెనక్కి పంపేశారు. పదిహేడు నిండాలి. కాగితం మీద పదహారే.

"మీరేసిన డేటు సార్," అంది. తప్పు పట్టినట్టు కాదు, నాకు గుర్తు చేస్తున్నట్టు. "పాత రిజిస్టరు తెస్తే దిద్దుతామన్నారు. మా కొండ మీది బడి మూసేసినారు. మిషన్ బడిది మీకాడ ఉన్నాదా?"

ఆ రిజిస్టరు ఏమైందో చెప్పాను. ఎవరు చెబితే పొయ్యిలోకి పోయిందో కూడా చెప్పాను.

ఆ పిల్ల నా కంప్యూటర్ల వైపు చూసింది. "లినక్స్‌లో ఏదైనా మార్సుకోవచ్చని మీరే సెప్పేవోరు గదా సార్."

నేను చెప్పింది నిజమే. ఈ సర్టిఫికెట్ ఉన్న చోటికి నా చెయ్యి అందదు, అంతే తేడా. ఆ మాట ఆ పిల్లకి ఎలా చెప్పానో కూడా సరిగ్గా గుర్తులేదు.

"బోరింగు గట్టు మీద యేడు ఇంకా ఉన్నాది సార్. ఫొటో తీసి సూపిత్తే?"

మర్నాడే ఒక స్నేహితుడి డిజిటల్ కెమెరా అడిగి తీసుకుని వాళ్ళ ఊరికి నడిచి ఎక్కాను. బోరింగు గట్టు మీద, పచ్చి సిమెంటులో ఎవరో పుల్లతో గీసిన నాలుగంకెలు. నాచు గోకి ఫొటో తీశాను. అప్పటికి నా లినక్స్‌లో ప్రింటరు కూడా చక్కగా పని చేస్తోంది. నున్నటి కాగితం మీద ప్రింటు తీసి, ఆ పిల్లనీ వాళ్ళమ్మనీ వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా ఫొటో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేటండీ, బోరింగు సర్టిఫికెట్టా?" అన్నాడు. పక్క బల్లవాళ్ళు నవ్వారు. వాళ్ళమ్మకి తెలుగు అంతంతమాత్రం. వాళ్ళెందుకు నవ్వుతున్నారో అర్థంకాక తనూ నవ్వింది. నాకు ఆ బల్ల తన్నాలనిపించింది. తన్నవలసింది వాళ్ళని కాదని కూడా తెలుసు.

ఆ సీటు ఇంకొకరికి వెళ్ళింది. మరుసటి ఏడు ఉచిత సీటు లేదు.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాలుగు చోట్ల కాపీ చేసి ఉంచాను, ఎప్పటికప్పుడు తెరిచి చూసుకుంటాను. ఎవరికీ పనికిరాని ఫైలుకి నేను తీసుకున్నంత జాగ్రత్త ఎవరూ తీసుకుని ఉండరు.

ఇంకో రెండేళ్ళకి, నా పుట్టినరోజు నాడు, పాడేరు బస్టాండులో టీ తాగుతున్నాను. ఎవరో నా ముందుకొచ్చి ఆగారు. ఆ పిల్లే. వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోందట. గుడ్ల అట్టలు రెండు చేతులా పట్టుకుని ఉంది, జీపు కోసం చూస్తోంది. నన్ను చూసి మొహమంతా నవ్వింది.

"ఇయేళ మన పుట్టినరోజు గదా సార్," అంది.