ముడతల మక్క

మొన్న మా మనవడు ఆఫీసు నుంచి వస్తూ కాగితపు గ్లాసులో ఏదో పట్టుకొచ్చాడు. ఉడికించిన మక్క గింజలు, మీద వెన్న, ఉప్పు, కాస్త నిమ్మరసం. "నాయనమ్మా, ఇది స్వీట్ కార్న్. మీ కాలంల లేకుండె, తిని సూడు" అన్నాడు. డెబ్భై ఆరేళ్ళ ముసలిదానికి తెలియని తిండి తెచ్చానని వాడి సంబరం వాడిది. కాదనడమెందుకని చెంచాతో నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉన్నాయి. నీళ్ళు కలిపిన పాలలా కాస్త చప్పిడి తీపి, అయినా తీపే. నాకు నవ్వాగలేదు. ఒరే నాయనా, ఈ గింజ వల్లే పదహారో ఏట నా కాపురం కూలుతుందేమోనని వణికిపోయాను, నీకేం తెలుసు అని చెప్పబోయేసరికి వాడు ఫోనులో మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అందుకని మీకు చెబుతున్నాను.

మా అత్తగారిల్లు ఉప్పుగూడలో. నిజాం రోజులు. ఇంటి ముందు అయిదు బర్రెలు, వెనక చుట్టూ గోడలున్న పెరడు. అత్త పొద్దున్నే పాల బిందె నెత్తిన పెట్టుకుని శాలిబండ దాకా నడిచి, ఇంటింటికీ పోసి, ఎండెక్కే వేళకు తిరిగొచ్చేది. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. కోడలి మీద లొల్లి పెట్టని అత్త మా గల్లీ మొత్తానికి ఆమె ఒక్కతే. అయినా నాకు ఆమె అంటే హడల్. ఆ భయం ఆమె పెట్టింది కాదు, మా అమ్మ పెట్టింది. అత్త చెప్పకముందే పని చేసి మెప్పు పొందాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ కాపురానికి పంపింది. చెప్పకముందే చేసే కోడలి వల్ల ఎంత చేటో మా అమ్మకు తెలిస్తేగా!

ఇక ఆ మక్క సంగతి. అత్త వాళ్ళ నాయన ఒక నవాబుగారి దేవిడీలో తోటమాలి. ఇంగ్లీషు దొరల కోసం వాళ్ళ సీమ నుంచి తెప్పించిన విత్తనం అక్కడ వేశారట. ఆయన పిడికెడు గింజలు బిడ్డ కొంగున కట్టి అత్తారింటికి పంపాడు. ఆయనా పోయాడు, ఆ తోటా పోయింది, గింజలు మాత్రం మా పెరట్లో మిగిలాయి. ఎండితే ఆ గింజ అవ్వ బుగ్గలా ముడతలు పడేది. తెలియనివాళ్ళు పుచ్చు విత్తనమని పారేయబోయేవారు. పచ్చిగా ఉన్నప్పుడు గోటితో గిచ్చితే పాలు చిమ్మేది, అచ్చం చెరుకు రసం. అడిగినవాళ్ళకు అత్త లేదనకుండా ఇచ్చేది. కానీ వాళ్ళు దాన్ని మామూలు మక్క పక్కన వేసి రెండో ఏటికల్లా తీపి పోగొట్టుకునేవారు. పైగా అది నిలవుండే గింజ కాదు, ఏడాది దాటితే మొలిచేది కాదు. అందుకే అత్త ఏటేటా మృగశిర కార్తెలో, మా మిరుగం వానకు ఉన్న గింజలన్నీ వేసేసేది, కొత్త కంకుల్లో మంచివి ఏరి పొయ్యి మీది దూలానికి వేలాడదీసేది. తినే కంకులకు ఇంకో పట్టింపు. ముందు పొయ్యి మీద నీళ్ళు మసలాలి, ఆ తర్వాతే చెట్టు మీద చెయ్యి వెయ్యాలి. కంకి విరిచిన గడియ నుంచీ తీపి పారిపోతూనే ఉంటుందనేది.

నేను వచ్చిన తొలి వానాకాలం అది. వారం రోజులు ముసురు. గడ్డి మోపులు అమ్మేవాళ్ళు రాలేదు, బర్రెలు ఒకటే అరుపు. అత్త పాలు పోయడానికి వెళ్ళింది. పెరట్లో చూస్తే మక్క చెట్లు నా తల దాటి లేచి, కొనల మీద లేత పూత వేసి ఊగుతున్నాయి. మా పుట్టిల్లు ఛత్రినాకలో బర్రెల ఇల్లే, సెంటు పొలం లేదు. పంట చూసిన పాపాన పోలేదు. పచ్చగా కనిపించిందల్లా మాకు బర్రె మేతే. కంకి నడుం దగ్గర పుడుతోంది కదా, తల కొట్టేస్తే బలమంతా దానికే దిగుతుందని నా తెలివి. కొడవలి తీసుకుని ఒక్క చెట్టు మిగల్చకుండా పూతలన్నీ కోసి బర్రెలకు వేశాను. అవి కమ్మగా మేశాయి. మెచ్చుకోలు కోసం వాకిట్లో నిలబడ్డాను.

అత్త వచ్చి, బిందె దించి, పెరట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ అలికిడి లేదు. వెళ్ళి చూస్తే బోడి చెట్ల మధ్య బురదలో కూలబడి ఉంది. ఓ చెట్టు నడుం దగ్గర తొంగిచూస్తున్న పీచును వేలితో నిమురుతోంది.

"పై పూత దుమ్ము గీ పీచు మీద పడితెనే గింజ పట్టేది, బిడ్డా. ఇంట్ల ఇంకొక్క గింజ లేదు. మా నాయన ఇత్తనం గింతటితోనే ఆగింది" అంది.

తిట్టలేదు. తిడితే బతికిపోయేదాన్ని. పక్క గల్లీలో ఎవరో మక్క వేశారు, కాళ్ళావేళ్ళా పడి ఆ పూత తెస్తానన్నాను ఏడుస్తూ. వేరే పూత పడితే తీపి ఉండదని ఆమె తల అడ్డంగా ఊపింది. అంతలో ఏం గుర్తొచ్చిందో లేచి కొట్టంలోకి పరుగెత్తింది. నేను గమనించనేలేదు, చూడి బర్రె ఒకటి ఆ రోజు మేత ముట్టలేదు. దాని ముందు పది పన్నెండు పూతలు నలగకుండా పడి ఉన్నాయి. వాటిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి, పాల బిందెలో నీళ్ళు పోసి, పూల కొమ్మల్లా నిలబెట్టింది. నీళ్ళలో ఉంటే రెండు మూడు రోజులు దుమ్ము రాలుస్తాయని వాళ్ళ నాయన చెప్పేవాడట.

మా గోడలో ఒక చిన్న ఖిడ్కీ ఉండేది. పక్కింటి పర్దా ఆడవాళ్ళు, మేము వీధి మొహం చూడకుండా రాకపోకలు సాగించే తలుపు. నా ఏడుపు విని ఆ ఇంటి ఖాలమ్మ అందులోంచి వంగి వచ్చింది. సంగతి విని ముందు నన్ను చూసి నవ్వింది, తర్వాత అత్త మొహం చూసి నవ్వు ఆపేసింది. వాళ్ళది అత్తరు వ్యాపారం. లోపలికి వెళ్ళి, అత్తరు అద్దే దూది పుల్లలు వాసన అంటనివి గుప్పెడు తెచ్చింది. మూడు పొద్దులు ముగ్గురం అదే పని. తెరిపి ఇవ్వగానే అత్త పళ్ళెంలో పూత దులిపేది, పసుపు లాంటి ఆ పొడిని పుల్లలతో పీచుకు అద్దేవాళ్ళం. ముసురు మళ్ళీ మొదలైతే ఖాలమ్మ తన దుప్పటి చెట్ల మీద పట్టుకుని తాను తడిసేది.

ఆ మూడు రోజుల్లో పీచు వచ్చిన కంకులే నిండాయి. మిగతావన్నీ పళ్ళూడిన బోసి నోళ్ళు. మొత్తం చెట్లలో నిండినవి ఐదు. ఐదూ విత్తనానికే అని నేను లెక్కేసుకున్నాను. నా నోటితో ఆ మాట అనను కూడా అనలేదు, అంత సిగ్గు. ఒకరోజు పొద్దుగూకే ముందు అత్త పొయ్యి మీద కుండ పెట్టి, నీళ్ళు మసలగానే పెరట్లోకి వెళ్ళి ఐదింట్లో ఒకటి విరిచి పరుగున వచ్చింది. అయ్యో వద్దత్తా అని చెయ్యి పట్టుకున్నాను.

"రుచి తెల్వకుంటె రేపు నువ్వెట్ల కాపాడ్తవ్?" అంది.

కంకిని మూడు ముక్కలు చేసి ఒకటి ఖాలమ్మకిచ్చింది, పెద్దది నాకిచ్చింది, తను కొసముక్క తీసుకుంది. ఆ తీపి నేను చెప్పలేను. తింటూ ఏడ్చాను. అంత పెద్ద మనసు నేను మళ్ళీ చూడలేదు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

అత్త పోయాక ఆ మక్క నేను వేశాను, తొమ్మిదేళ్ళు. పదో ఏడు పెద్దోడి పెళ్ళికని పెరట్లో గది లేపుతున్నాం. ఎక్కడ చూసినా ఇసుక, ఇటుకలు. పోనీ వచ్చే ఏడు వేద్దాంలే అనుకున్నాను. వచ్చే ఏడు వేస్తే ఒక్కటీ మొలవలేదు. మా అత్త ముప్పయ్యేళ్ళలో ఒక్క వానాకాలం మానలేదు. నేను మానిందీ ఒక్క వానాకాలమే.