నాయన సమాధి మీద స్విమ్మింగ్ పూల్

పెనుకొండ దగ్గరి మా చేనును ఇళ్ల స్థలాలకు అమ్మినప్పుడు, అందులో ఉన్న మా నాయన సమాధిని కదిలించకూడదని ముందే మాట తీసుకున్నాను. పోయిన ఏడాది కొన్నవాళ్లు నన్ను హిందూపురంలోని ఆఫీసుకు పిలిచి, రాబోయే కాలనీ చూడమని కళ్లకు పెట్టెలాంటి అద్దాలు తగిలించారు. అద్దాల్లో ముందు మా చేను కనబడి, అంతలోనే మాయమై రోడ్లు, మేడలు నిజమైనవిలా ఎదుట నిలిచాయి. సమాధి ఉండే వైపు తిరిగి ఒక్కడుగు వేశానో లేదో, చుట్టూ నీళ్లు! కెవ్వుమని అరిచి పంచె మోకాళ్ల పైకి ఎత్తేశాను. ఆఫీసంతా ఒకటే నవ్వు.

“బెదరొద్దు తాతా, అది బొమ్మ. స్విమ్మింగ్ పూల్” అన్నాడు కంప్యూటర్ ముందున్న ఇంజనీరు.

“ఆడ మా నాయన సమాధి ఉండాది కదప్పా!”

“ఆ రాళ్లకుప్పా? శాటిలైట్ ఫొటోలో చూసి బొమ్మలోంచి తీసేసినాం. పూల్ వద్దంటే పార్కు పెడతాలే.”

రెప్పపాటులో నీళ్లు పోయి పచ్చగడ్డి వచ్చింది. సమాధి మాత్రం రాలేదు.

“ఆ రాళ్లు మోసింది నేనబ్బా!” అని అద్దాలు బల్ల మీద పడేసి వచ్చాను.

బడికి పోకుండానే చదవడం నేర్చినవాణ్ని, ఆ బొమ్మనూ చదివాను. బొమ్మలో లేనిదాన్ని రేపు నేల మీద కూడా ఉండనివ్వరని ఆ రోజే అర్థమైంది. మరునాడే సమాధి చుట్టూ ముళ్లకంచె వేయించి, పక్కనే మంచం వేసుకున్నాను.