నేను చూడని కంచె

ఆరేళ్ళుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పరీక్షించకుండా ‘పాస్’ అని టిక్కు పెట్టిన జూనియర్లను నిలబెట్టి కడిగేసే రకాన్ని. అలాంటి నేనే ఒకసారి టిక్కు పెట్టాను.

ఆదివారాలు గంట దూరంలోని ఒక గుర్రాల ఆశ్రయానికి సాయం చేయడానికి వెళ్తుంటాను. యజమానులు తిండి పెట్టక వదిలేసినవీ, వేలంలో కబేళాకు పోబోయేవీ అక్కడికి వస్తాయి. కోలుకున్నాక మంచి ఇల్లు చూసి పంపుతారు. నడిపేది మార్గరెట్, డెబ్బై దాటిన మనిషి. గుర్రాన్ని ఇచ్చే ముందు మాలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి, కంచె వెంట నడిచి, నీళ్ళతొట్టి, నీడ చూసి, గుర్రం ఎందుకు కావాలో అడిగి ఫారం నింపాలి.

ఏడేళ్ళ కిందట అక్కడికి ఒక తెల్ల ఆడగుర్రం వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, ఎడమ చెవి చివర చిన్న గంటు. బకెట్ కింద పడినా వణికిపోయేది. మల్లి అని పిలిచేవాణ్ణి. నా చేతిలో క్యారెట్ అందుకోవడానికి దానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు.

మల్లి కోసం ఒక తెలుగాయన దరఖాస్తు పెట్టుకున్నాడు. ఊరి బయట ఐదెకరాల స్థలం. “మీవాడే కదా, నువ్వే వెళ్ళు” అంది మార్గరెట్.

వెళ్ళాను. గుమ్మంలోనే పెసరట్ల వాసన. “ముందు టిఫిన్ కానివ్వండి, ఫెన్స్ ఎక్కడికీ పోదు” అన్నాడాయన. “ఇంకొక్కటి వేసుకోండి అన్నయ్యగారూ” అంటూ ఆయన భార్య మూడోది వడ్డించింది. మాటల్లో ఊళ్ళు కలిశాయి. ఆయన మేనమామ మా కాలేజీలోనే చదివాడని తేలింది. కాఫీ తాగుతూ ఆయన నవ్వాడు. “మనవాళ్ళ పెళ్ళిళ్ళలో బరాత్‌కి వైట్ హార్స్ దొరకడం ఎంత కష్టమో తెలుసా అండీ! వీకెండ్స్ అయితే ఫుల్ డిమాండ్.” పెళ్ళికొడుకు గుర్రమెక్కి ఊరేగడం మా ఇళ్ళలో ఎన్నడూ లేదు, ఇక్కడికి వచ్చాక అబ్బిన ముచ్చట. నేనూ నవ్వాను. సరదాకి అన్నాడనుకున్నానా? అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

లేచి వెనకవైపుకు నడవాలి. తీగలు పట్టుకుని చూడాలి. కానీ తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారే, నా పని అచ్చంగా అదే. చేయి కడుక్కున్న తడి ఆరకముందే, “మీ కంచె సరిగా ఉందో లేదో చూడాలి” అని ఎలా అనను? అనలేకపోయాను. కారులో కూర్చుని ఫారం నింపాను. కంచె: బాగుంది. నీడ: ఉంది. ఎందుకు: పిల్లల కోసం.

మొహమాటం అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. కంచె దగ్గరికి వెళ్ళకపోవడం మొహమాటమే అనుకుందాం, మరి విన్న మాట రాయకపోవడం? దానికి ఎవరి పెరట్లోనూ అడుగు పెట్టనక్కర్లేదే. తెల్లవాళ్ళ ముందు మనవాడి మాట పడిపోకూడదని, ఆ ఇంట్లో మంచివాణ్ణనిపించుకోవాలని, నోరులేని జీవాన్ని పణంగా పెట్టాను.

మరుసటి వసంతంలో ఒక కొలీగ్ పెళ్ళి. హోటల్ పార్కింగ్‌లో డీజే, డోళ్ళు, చిందులు. మధ్యలో జరీ గుడ్డ కప్పిన తెల్ల గుర్రం. ఎడమ చెవి చివర గంటు. మల్లి. ఒళ్ళంతా చెమట, తెల్లగుడ్లు తేలేసింది. ఆపమని అరవవచ్చు. అరవలేదు. నన్ను గుర్తుపడుతుందేమోనని జనం వెనక్కి జరిగాను. స్పీకర్ ఒక్కసారిగా మోగేసరికి అది ఎగిరింది. దాని మీంచి జారిన పెళ్ళికొడుకును ఇద్దరు పట్టుకున్నారు. దాన్ని పట్టుకోవడానికి ఎవరూ లేరు. కార్ల మధ్య పరుగెత్తి, తారు మీద జారి, మోకాళ్ళ మీద పడింది.

ఎవరో ఫోన్ చేస్తే మార్గరెట్ వెళ్ళి వెనక్కి తెచ్చింది. మోకాళ్ళ గాయాలే కాదు, ఛాతీ మీద ముళ్ళతీగ చీరిన పాత మచ్చలు కూడా ఉన్నాయి. వాటికి మందు రాస్తూ అడిగింది.

“ఫెన్స్ నువ్వు చూశావు కదా?”

“చూశాను. అప్పుడు బాగానే ఉంది.”

ఆవిడ తలూపింది. “అయితే తర్వాత మార్చేసి ఉంటాడు. నాకే మనుషుల్ని అంచనా వేయడం చేతకావట్లేదు.”

ఆ తర్వాత గుర్రాలకు ఇళ్ళు ఎంచే పని ఆవిడ మానేసింది. నా అబద్ధాన్ని నమ్మి తనను తాను అనుమానించుకుంది.

ఇప్పటికీ ఆదివారాలు వెళ్తాను. మల్లి కొట్టం శుభ్రం చేస్తాను. అది మూలకు జరిగి నిలబడుతుంది. క్యారెట్ నేల మీద పెట్టి వచ్చేస్తే, నా అడుగుల చప్పుడు వినబడనంత దూరం వెళ్ళాక తింటుంది. మార్గరెట్‌కు చెబుతానా? చెబుతానని ఇక్కడ రాస్తే అది ఇంకో టిక్కు అవుతుంది. రాయను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఫారంలో రాయాల్సింది మాత్రం ఇన్నాళ్ళకు రాస్తున్నాను. రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది.

కంచె నేను చూడలేదు. పెళ్ళిళ్ళ మాట విన్నాను.