కత్తిరించిన మేక సీను

అలమేలుకు అనుమానం ఉగ్గుపాలతోనే పోశారని మద్రాసు చింతాద్రిపేటలో ఆమెను ఎరిగినవాళ్లంతా ఒప్పుకుంటారు. పాలవాడు గిన్నెలో పోసిన పాలలో వేలు ముంచి చూడనిదే లోపలికి తీసుకుపోదు. రేషన్ షాపులో తక్కెడ ముల్లును చూడదు, తూచేవాడి బొటనవేలిని చూస్తుంది. అట్లాగని చెడ్డమనిషేం కాదు. నమ్మినవాళ్లకు ప్రాణం పెడుతుంది, నమ్మడానికే కాస్త కాలం పడుతుంది. మొగుడు భక్తవత్సలాన్ని నమ్మడానికి ఆమెకు పద్దెనిమిదేళ్లు పట్టింది. తీరా నమ్మి స్థిమితపడిన ఏడాదికే ఈ మేక వచ్చి పడింది.

భక్తవత్సలం అంబత్తూరు ఎస్టేటులో ఒక కంపెనీలో పవర్ ప్రెస్సు మీద పని చేసేవాడు. రేకు కింద పెట్టడం, ప్రెస్సు ధన్‌మని దిగడం, రేకు మూతై బయటికి రావడం. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదే మోత. ఇంట్లో మాట తక్కువ మనిషి. పిల్లాపీచూ లేని ఆ ఇద్దరికీ ఉన్న ఒకే విలాసం సినిమా. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చేసిన రోజులైనా, సినిమా అంటే హాల్లో చూసేదే అని ఇద్దరూ గట్టిగా నమ్మేవాళ్లు. మొదటివారం మాత్రం అలమేలు వెళ్లేది కాదు. పిచ్చివాళ్లు మొదటివారం చూసి బాగోగులు చెబితే, తెలివైనవాళ్లు రెండో ఆదివారం చూడాలని ఆమె సిద్ధాంతం. ఆ ప్రకారం మ్యాట్నీకి మౌంట్ రోడ్డు దాకా నడిచి వెళ్లేవాళ్లు. తిరిగొస్తూ కూవం నది వంతెన దాటేలోపు ఆ సినిమాను ఉతికి ఆరేసేవాళ్లు. వారమంతా నోరు విప్పని భక్తవత్సలం ఆ వంతెన మీద మాత్రం అనర్గళంగా మాట్లాడేవాడు.

ఆ ఆదివారమూ అట్లాగే వస్తున్నారు.

"ఇంటర్వెల్ దాకా బాగుండాది. ఆమీద జవ్వుమిఠాయి మాదిరి సాగిపోయింది," అంది అలమేలు. "కామెడీ అయితే సుత్తరంగా లేదు, ఒక్క నవ్వు కూడా రాలా."

"ఆ మేక సీను ఒకటి చాలదా!" అన్నాడు భక్తవత్సలం. "పెండ్లికూతురని చెప్పి మేకకి ముసుగేసి పీటల మీద కూర్చోబెట్టేస్తారు గదా. అయ్యరు మంత్రాలు చదవతా ఉంటే అది అక్షింతలు తినేస్తాది. నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి."

అలమేలు ఆగిపోయింది. ఆమె రెప్ప వేయకుండా సినిమా అంతా చూసింది. అందులో మేక లేదు. పైగా ఇంటర్వెల్ తర్వాత ఈ మనిషి చక్కగా కునుకు తీశాడు, భుజం మీద తల వాలితే తనే సర్దింది.

"ఏ మేక?" అంది.

అతను ముందుకు చూసి నడుస్తూ, "సరి," అన్నాడు.

మర్నాడు పొద్దున బోరింగు దగ్గర పక్కింటి పంకజంతో మాటల్లో మాటగా మేక సంగతి ఎత్తింది. పంకజం పకపకా నవ్వింది.

"మేక మొదటివారమే ఉండింది అక్కా. మా మరిది ఫస్ట్ డే చూసినాడు. పడం లెంత్ జాస్తి అయిపోయిందని ఆమీద కట్ చేసేసినారంట. బావ మొదటివారమే చూసేసినాడేమో!"

అలమేలు బిందె నిండి కాళ్ల మీదుగా నీళ్లు పారుతున్నా ఆమె గమనించలేదు. తనకు చెప్పకుండా వెళ్లాడు. సరే, ఒంటరిగా వెళ్లినవాడు దాచడం దేనికి? మగవాడు రహస్యంగా సినిమాకు వెళ్లాడంటే పక్క సీటు ఖాళీగా ఉండదని ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక తవ్వడం మొదలుపెట్టింది. కొత్త సినిమా వచ్చిన వారం బుధవారం నాడు అతనికి తప్పకుండా ఓవర్‌టైము పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగే మనిషి ఏడింటికి ఇల్లు చేరతాడు. హాల్లో సగం నిద్రపోయినా సెకండాఫ్ మీద అతని అభిప్రాయం ఎన్నడూ తప్పలేదు. ఇంట్లో ఏది అడిగినా "సరి" తప్ప ఇంకో మాట లేదు. ఒకప్పుడు "ఏంది?" అని అడిగేవాడు, ఇప్పుడు అదీ లేదు. మనసు ఇంకెక్కడో ఉన్నవాడికి పెళ్లాం మాట ఎందుకు?

ఆ సాయంత్రం సాంబారు కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే బాణం వేసింది.

"ఏమయ్యా, ఎవతినన్నా పెట్టుకోనుండావా?"

"సరి," అన్నాడు భక్తవత్సలం.

ఇంత నిబ్బరంగా ఒప్పుకునే మొగుడు ఉంటాడని అలమేలు కలలో కూడా అనుకోలేదు. అడిగినందుకు తనే సిగ్గుపడి, ఆ పూటకు అక్కరలేని ఉల్లిపాయలు అరడజను తరిగి, వాటి పేరు చెప్పి ఏడ్చింది. పట్టుకుంటే కళ్లతో చూసి పట్టుకోవాలి, అంతవరకూ నోరెత్తకూడదని నిశ్చయించుకుంది.

ఇంకో కొత్త సినిమా వచ్చింది. బుధవారం మధ్యాహ్నం అలమేలు కొంగు నెత్తిన కప్పుకుని హాలు ముందు ఆడవాళ్ల క్యూలో నిలబడింది. మూడు కావస్తుండగా భక్తవత్సలం వచ్చాడు. పక్కన ఆడమనిషి ఉండనే ఉంది. యాభై అయిదు దాటిన మనిషి, నెరిసిన ముడి, వెలిసిన నూలుచీర, చేతిలో ప్లాస్టిక్ వైరుబుట్ట. అలమేలుకు ఒళ్లు మండిపోయింది. నన్ను కాదనడానికి నాకన్నా అందగత్తె అన్నా కాదే, ఈ ముసలిదానికోసమా అని ఇంకో అవమానం తోడైంది.

లోపల సరిగ్గా వాళ్ల వెనక వరసలో కూర్చుంది. ఆ మనిషి అతని కుడివైపు కూర్చుంది. ఆదివారాలు అలమేలును కూర్చోబెట్టే చోటు అది. ఎడమ సీటు ఖాళీగా ఉన్నా ఎప్పుడూ కుడివైపుకే రమ్మంటాడు. దీపాలు ఆరాయి. కాసేపటికి ఆ మనిషి అతని చెవి దగ్గరికి వంగింది.

"నిన్ను ఇడిసి ఒక్కరోజు కూడా ఉండలేను," అంది.

అలమేలు చెయ్యి చెప్పు మీదికి పోయింది. ఆ ముడి అందేంత దూరంలోనే ఉంది.

"అనింది ఆ పిల్ల," అని ఆ గొంతే కొనసాగించింది. "'తలుపు తియ్యే' అంటా ఉండాడు వాళ్ల నాయిన. 'నిద్దరపోతా ఉండా' అంటా ఉండాది అది."

"ఏమ్మా, కొంచెం గమ్మునుండు!" అని ముందు వరసలో ఎవరో కసిరారు. ఆమె గొంతు తగ్గించింది. భక్తవత్సలం చెవి ఇంకా దగ్గరికి పెట్టాడు. సినిమాలో ఎవరు నోరు విప్పినా ఆ మాట ఆమె నోట మళ్లీ వచ్చేది.

అలమేలు చెప్పు వదిలిందిగానీ అనుమానం వదల్లేదు. ఇంటర్వెల్లో భక్తవత్సలం అటు వెళ్లగానే, సమోసాల దగ్గర నిలబడ్డ ఆ మనిషి పక్కకు చేరింది.

"ఎవరమ్మా ఆయన? మీ ఇంటాయనా?"

"ఛీ ఛీ, తమ్ముడు మాదిరి. నా పేరు ఆరోగ్యమేరి, కంపెనీ క్యాంటీన్లో ఉండేది. ఆయన ప్రెస్సు మీద పని. పాపం, ఆ మోతకి చెవులు పోయినాయి. కుడిది మాత్రం దగ్గరికొచ్చి గట్టిగా చెప్తే కొంచెం వినపడతాది. ఆదివారం పెండ్లాంతో వస్తాడు గదా, దానికి ముందర నన్ను పిలుచుకోనొచ్చి అంతా చెప్పించుకుంటాడు."

"దేనికంట?"

"పడం చూసి ఇంటికి పోయేటప్పుడు ఆయమ్మ మాట్లాడితే బదులు చెప్పల్ల గదా. అప్పుడు ఆయమ్మ మొగం రొంబ బాగుంటాదంట."

అలమేలు కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. "ఇంట్లోనే చెప్పేయొచ్చు గదా?"

"నేనూ అదే అడిగినా. 'మా అమ్మకీ చెవుడే అక్కా. చెవిటోళ్లతో మా ఇంట్లో ఎట్లా మాట్లాడతారో నేను విన్నా' అన్నాడు. ఆమీద నేనేం అడగలా."

అలమేలు తర్వాతి సగం చూడలేదు. ఎండలో వంతెన దాకా వచ్చి, పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది.

అత్త పోయి నాలుగేళ్లయింది. చివరి పదేళ్లు ఆమెకు పిడుగు పడినా వినపడేది కాదు. ఆ ధీమాతోనే అలమేలు అన్నం వడ్డిస్తూ, మొహం మీద నవ్వు చెరగనివ్వకుండా, "తిను ముసలీ, తిను. ఇంకెన్నాళ్లు నా ప్రాణం తింటావో," అనేది. ముసలామె ఆ నవ్వు చూసి పొంగిపోయి, "నువ్వు తిన్నావా తల్లీ?" అని అడిగేది. ఆ గదిలోనే భక్తవత్సలం పేపరు చదువుతూ ఉండేవాడు. ఒక్కనాడూ తలెత్తలేదు, ఒక్క మాటా అనలేదు. విననేలేదని అలమేలు అనుకుంది. అప్పటికి అతని చెవులు రెండూ బాగానే ఉన్నాయి.

లోకంలో అందరినీ అనుమానించిన ఆమె తన నోటిని మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఏం మాట్లాడాలన్నా అతని ఎదుటికి వచ్చి నిలబడి మాట్లాడింది. అతను "సరి" అన్నాడు.

ఆదివారం మ్యాట్నీకి వెళ్లారు. కుడివైపు సీటు చూపించాడు, కూర్చుంది. తెర మీద ఆ పిల్ల ఆ మాట అనే సీను వచ్చింది. అలమేలు వంగి, అతని చెవికి నోరు ఆనించినంత దగ్గరగా పెట్టింది.

"నిన్ను ఇడిసి ఒక్కరోజు కూడా ఉండలేను, అనింది ఆ పిల్ల."

భక్తవత్సలం బిగుసుకుపోయాడు. మెల్లగా తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. తెర వెలుగులో చాలాసేపు చూశాడు. ఎక్కడో ఒక నవ్వు దాక్కుని ఉంటుందని వెతుకుతున్నట్టు పెదవులనూ, కళ్లనూ చూశాడు. తనను చూసి ఎవరైనా అట్లా అనుమానిస్తే ఎట్లా ఉంటుందో అలమేలుకు పుట్టి బుద్ధెరిగాక అప్పుడే తెలిసింది. ఆమె నవ్వలేదు. తల తిప్పుకోలేదు.

"ఏంది?" అన్నాడు అతను చివరికి. ఏడాదిగా అడగని మాట. "వినపళ్లేదు. మళ్లీ చెప్పు."

అలమేలు మళ్లీ చెప్పింది. ఈసారి "అనింది ఆ పిల్ల" అనలేదు.