ఖాట్మండులో బంగాళాదుంపలు

మా ఆయనకి ఏడాది కర్మలు అయ్యాక రేపల్లెలో ఉండే మా వదిన, అంటే ఆయన అక్క, నన్ను యాత్రల బస్సు ఎక్కించింది. తెనాలిలో బయల్దేరి, కాశీ చూసుకుని, అక్కణ్ణించి నేపాల్. బస్సు నిండా మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లమే.

కాశీలో ఇష్టమైనదొకటి వదిలెయ్యాలి కదా. బాపట్ల మాస్టారు ఒకాయన కాకరకాయ వదిలారు. అదంటే ఆయనకి చిన్నప్పట్నించీ పడదట. వదిన ఆపిల్ పండు వదిలింది. ఆవిడ ఆపిల్ పండు కొనగా చూసినవాళ్లు రేపల్లెలో లేరు. నాకు అంత తెలివి లేక, ఆయన పేరు తలుచుకుని బంగాళాదుంప వదిలాను. దుంపల వేపుడంటే మా ఇద్దరికీ ప్రాణం. మూకుడు దించేలోపే సగం ఖాళీ చేసేవాళ్లం. ఆయనే లేనప్పుడు ఇంక అదెందుకనిపించింది.

ఖాట్మండు చేరేసరికి, కొండదారి మలుపులకి మా బస్సు వంటాయన వాంతులు చేసుకుని సత్రంలో ముసుగుతన్ని పడుకున్నాడు. పొయ్యి వెలిగించే నాథుడు లేడు. చలికి పళ్లు టకటకలాడుతుంటే అందరం పక్కనున్న హోటలుకి పోయాం. వాళ్ల మాట మాకు రాదు, మా మాట వాళ్లకి రాదు. అన్నం కలిపినట్టు చేత్తో చూపించాం, పెట్టారు. కూరలో దుంపలు. పులుసులో దుంపలు. పచ్చడి కనబడి ప్రాణం లేచొచ్చింది. నోట్లో పెట్టుకోబోతే వదిన చెయ్యి పట్టుకుంది. అందులోనూ దుంపలే. దుంపలతో పచ్చడి చేసే దేశం ఒకటుందని నాకేం తెలుసు. పప్పేమో నల్లటి మినప్పప్పు, గొంతు దిగలేదు. పెరుగన్నా కలుపుకుందామంటే అది పాయసంలా తియ్యగా ఉంది.

నా కంచం చుట్టూ పంచాయితీ మొదలైంది. కొలకలూరు రైతు ఒకాయన, "దేశం దాటాక మన పోలీసోళ్లకే పవర్ లేదండి. కాశీలో పెట్టుకున్న ఒట్టు ఇక్కడేం చెల్లుద్ది? తినెయ్యండి పిన్నిగారూ" అన్నాడు.

మాస్టారు ఒప్పుకోలేదు. "అక్కడున్నదీ శివుడే, ఇక్కడున్నదీ శివుడేనండి. రెండూ ఒకే ఆఫీసు" అని, ఆయన మాత్రం దుంపలకూర శుభ్రంగా కలుపుకున్నారు.

వదిన నా కంచం తన వైపు లాక్కుంది. "వదిలింది ముక్కలేగా. ముక్కలు నేను తింటా, పులుసు నువ్వు కలుపుకో" అంది. అన్నట్టే ఏరి ఏరి తింది. మధ్యాహ్నం గుడి దగ్గర సమోసాలు కొంటే లోపలి కూర ఆవిడ తిని, పైన పిండి నాకిచ్చింది. నాకు కడుపు నిండలేదు, ఆవిడకి నిండటం ఆగలేదు. పశుపతి ఎదుట నిలబడి ఆవిడ తేనుస్తుంటే పూజారి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

సాయంత్రం హోటల్లో మళ్లీ అదే కూర. వదిన దాన్ని చూసి కళ్లు మూసుకుంది. కాసేపటికి కంచం నా ముందుకి జరిపింది.

"ఏంటి చూస్తావ్? ఇంక నావల్ల కాదే అమ్మాయ్. తినెయ్."

"ఆయన పేరు మీద వదిలాను కదా వదినా."

"వాడి ముక్కు తుడిచి పెంచింది నేనా, నువ్వా? వాడికి నేను చెప్పుకుంటాలే. తిను."

నేను ఆవిడ ముఖం వంక చూడలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు, సరిగ్గా ఉడకనూ లేదు. ఆ మాటే అన్నాను.

"అదీ చెబుతాలే" అంది వదిన.